సరదా చంపే కార్డులు: తరచుగా అడిగే ప్రశ్నలు

అమలాపురంలో మా మేడ మీద ఆదివారం మధ్యాహ్నాలు సేకరణ కార్డుల ఆటలు ఆడతాం. ఏడో తరగతి పిల్లల నుంచి పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుల దాకా వస్తారు. రాజోలు, పాలకొల్లు నుంచి బస్సెక్కి వచ్చేవారూ ఉన్నారు. మొదట్లో మ్యాజిక్, పోకెమాన్ అనే కార్డుల ఆటలు ఆడేవాళ్ళం. రెండేళ్ళుగా గోదావరి కాలువల మీద సొంతంగా ఒక ఆట తయారు చేసుకుంటున్నాం. దానికి అందరూ కార్డులు రాసి తెస్తారు. కొన్నిటిని బల్ల మీదికి రానిస్తాం, కొన్నిటిని తిప్పి పంపుతాం. "నా కార్డు ఎందుకు వద్దన్నారు?" అనే మాట ప్రతి వారం వినిపిస్తుంది. ఆ జవాబులను ఒకచోట పెడుతున్నాను.

ఇది పేకాటేనా? ఇంట్లో పెద్దవాళ్ళు అడుగుతున్నారు.

కాదు. రమ్మీకి కూర్చున్నవారందరికీ అవే ముక్కలు, అవే నియమాలు. సేకరణ కార్డుల ఆటలో ఎవరి పేకను, అంటే డెక్కును, వాళ్ళే ఇంటి దగ్గర కట్టుకుని వస్తారు. ఒక్కొక్క ముక్క మీద ఒక్కొక్క నియమం అచ్చు వేసి ఉంటుంది. ఆ ముక్క దిగిందంటే ఆట తీరే మారిపోతుంది. ఈ పద్ధతికి ఆద్యుడు రిచర్డ్ గార్ఫీల్డ్ అనే అమెరికన్ గణితవేత్త. ఆయన రూపొందించిన మ్యాజిక్ 1993లో వచ్చింది. తర్వాత జపాన్ నుంచి 1996లో పోకెమాన్, 1999లో యూ-గి-ఓ కార్డులు వచ్చాయి. కంప్యూటర్ మీద ఆడే హార్త్‌స్టోన్ 2014 నాటిది.

పందెం సంగతి కూడా చెప్పాలి. తొలినాళ్ళ మ్యాజిక్‌లో ఇద్దరూ చెరొక ముక్కను పక్కన పెట్టి, గెలిచినవాళ్ళు రెండూ తీసుకునే నియమం ఉండేది. చాలామందికి అది నచ్చలేదు. తయారీదారులు దాన్ని వదిలేశారు, దానికోసం చేసిన కార్డులను పోటీల్లో నిషేధించారు. మా మేడ మీద డబ్బు పందెం లేదు, ముక్కల పందెమూ లేదు. వచ్చినప్పుడు ఎన్ని ముక్కలు తెచ్చుకున్నారో వెళ్ళేటప్పుడు అన్నే ఉంటాయి. పెద్దవాళ్ళను కూడా ఒకసారి తీసుకురండి, చూసి వెళతారు.

సరదా చంపే కార్డు అంటే ఏమిటి? మనల్ని ఓడించే కార్డేనా?

ఓడించడానికి సరదా చంపడంతో సంబంధం లేదు. బాగా ఆడి ఓడిపోయినవాళ్ళు "ఇంకొక్క ఆట" అంటారు. సరదా చచ్చినవాళ్ళు ఫోను తీస్తారు.

మన డెల్టాలో వంతు అనే మాటకు బరువుంది. దాళ్వాకు, అంటే రబీ వరికి, నీరు చాలని ఏడాది కాలువలకు వంతులవారీగా నీరు వదులుతారు. శివారు రైతు తన వంతు రోజున తెల్లవారకముందే గట్టు మీద ఉంటాడు. ఎగువన ఎవరో తూముకు అడ్డం పెట్టారనుకోండి. వంతు ఆయనదే, బోదెలో మాత్రం చుక్క రాదు. అప్పుడు ఆయన కోపం పంట గురించి మాత్రమే కాదు. తన వంతును పేరుకు తన దగ్గరే ఉంచి, లోపలున్నది తోడేశారన్న కోపం అది.

నేను సరదా చంపే కార్డు అనేది ఆ పని చేసే కార్డును. ఎదుటివాళ్ళ వంతు వస్తుంది, చేతిలో ముక్కలుంటాయి, కానీ ఎంచుకోవడానికి ఏమీ ఉండదు. ఎంపిక ఉన్నంతసేపు ఓడిపోతున్నా ఆటలో ఉన్నట్టే. ఎంపిక పోయిన క్షణంలో గెలుస్తున్నవాడు ఒక్కడే ఆడుతున్నట్టు, రెండోవాడు చూస్తున్నట్టు.

పెద్ద ఆటల్లో అలాంటివి ఉన్నాయా?

ఉన్నాయి, మొదటి సంవత్సరం నుంచే ఉన్నాయి. మ్యాజిక్‌లో నేల ముక్కల నుంచి మనా అనే ఇంధనం వస్తుంది. వాడిన నేలను అడ్డంగా తిప్పుతారు, మళ్ళీ తమ వంతు మొదలుకాగానే నిలువుగా తిప్పుకుంటారు. 1993 నాటి స్టేసిస్ అనే కార్డు ఈ నిలువుగా తిప్పుకునే ఘట్టాన్నే ఎత్తేసింది. ఒకసారి వాడిన నేల ఇక అడ్డంగానే ఉండిపోతుంది. నియమం ఇద్దరికీ వర్తిస్తుంది, కానీ స్టేసిస్ వేసినవాళ్ళు దానికి తగినట్టు డెక్కు కట్టుకుని వస్తారు. ప్రతి వంతులో ఒక నీలి మనా చెల్లించి దాన్ని నిలబెడతారు. ఎదుటివాళ్ళు ముక్క తీస్తారు, చూస్తారు, వంతు వదిలేస్తారు. మళ్ళీ తీస్తారు, చూస్తారు, వదిలేస్తారు.

యూ-గి-ఓలో యాటా-గరాసు అనే కాకి అంతకంటే దారుణం. అది తగిలితే ఎదుటివాళ్ళు తర్వాతి వంతులో ముక్క తీయకూడదు. చేయి, బల్ల ఊడ్చిపెట్టే మరో కార్డు తర్వాత ఈ కాకి దిగితే, ఎదుటివాళ్ళకు ఉన్న ముక్కలు సున్నా, రాబోయే ముక్కలూ సున్నా. ఆట ముగిసిందని ఇద్దరికీ తెలుసు, అయినా కాకి ప్రాణాలన్నీ పొడిచేదాకా కూర్చోవాలి. 2004లో ఆ కార్డు నిషేధాల్లోకి వెళ్ళింది.

మ్యాజిక్‌లోనే ఆర్మగెడ్డాన్ అనే కార్డు బల్ల మీదున్న నేలలన్నిటినీ ఒక్కసారిగా ధ్వంసం చేస్తుంది. చాలామంది దాన్ని స్టేసిస్‌తో ఒకే గాటన కడతారు, నేను కట్టను. బల్ల మీద బలగం పెట్టుకున్నవాడు ఆర్మగెడ్డాన్ వేస్తే రెండు మూడు వంతుల్లో ఆట తేలిపోతుంది. బాధ ఉంది కానీ బాధను సాగదీయడం లేదు.

మీ సొంత ఆటలో అలాంటి కార్డు పడిందా?

పడింది. దాన్ని రాసింది నేనే. ఈ పేజీ రాయడానికి అసలు కారణం ఆ కార్డే.

మా ఆటలో ప్రతివారికీ కొన్ని చేలు ఉంటాయి. వంతు మొదట్లో కాలువ నుంచి నీరు వస్తుంది. నీటికి గుర్తుగా చింతగింజలు వాడతాం. గింజలు చెల్లించి నాట్లు, కొబ్బరి మొక్కలు, చేపల చెరువు, పంటు (రేవు దాటించే పెద్ద పడవ) వంటి ముక్కలు దింపాలి. నేను రాసిన కార్డు పేరు "కాలువ మూసివేత". దాని మీద ఇలా ఉండేది: మూడు వంతుల పాటు ప్రత్యర్థికి నీరు రాదు.

కాగితం మీద ఎంతో బాగుందనిపించింది. వేసవిలో కాలువలు కట్టేయడం మనందరికీ తెలిసిందే కదా, ఆటకు మన నేల వాసన వస్తుందనుకున్నాను. ఆ ఆదివారం గోదావరి లంక నుంచి వచ్చే ఏడో తరగతి అబ్బాయి మీద దాన్ని ప్రయోగించాను. వాడి చేతిలో అయిదు ముక్కలు, ముందు రెండే గింజలు. మొదటి వంతులో ముక్క తీసి చేతిలో సర్దుకున్నాడు. రెండో వంతులో తీసిన ముక్కను చదవకుండానే మిగతావాటి వెనక పెట్టాడు. మూడో వంతుకు ముక్కలన్నీ బల్ల మీద బోర్లించి, ఆ రెండు గింజలను గోటితో ఒకదాని పక్కకు ఒకటి జరుపుతూ కూర్చున్నాడు. నా వంతు ముగిసిందని చెబితే తలెత్తి, "ఇంక నేను వెళ్ళనా అన్నయ్యా, పంటు వెళ్ళిపోతుంది" అన్నాడు. పంటుకు ఇంకా గంటన్నర టైముంది.

ఆ వారమంతా ఆ కార్డుతోనే గడిచింది. మూడు వంతులను ఒకటికి తగ్గిస్తే కార్డుకు విలువ లేకుండా పోయింది, ఎవరూ డెక్కులో పెట్టుకోలేదు. నీటిని సగానికి కోస్తే గింజలు లెక్కపెట్టడమే పనైపోయింది. దారి చూపించింది మా అమ్మ. "కాలువ కట్టేస్తారని ముందే చెబుతారు కదరా, చెప్పాక ఊళ్ళో మంచినీటి చెరువు నింపుకుంటాం కదా" అంది. నిజమే. కాలువలు కట్టేసే తేదీ ముందే తెలుస్తుంది, ఆలోగా చెరువులు నింపుతారు. నేను రాసిన కార్డులో మూసివేత ఉంది, ముందు చెప్పడం లేదు.

ఇప్పుడు ఆ కార్డు ఇలా ఉంది: ఈ కార్డును బల్ల మీద పెట్టి ప్రకటించండి. ప్రత్యర్థి తన తర్వాతి వంతులో వాడని గింజలను చెరువులో దాచుకోవచ్చు. ఆ తర్వాత రెండు వంతుల పాటు కాలువ నీరు రాదు, చెరువు నీరు వాడుకోవచ్చు.

బలం పెద్దగా తగ్గలేదు. కానీ ప్రకటన వినగానే ఎదుటివాళ్ళు ముందుకు వంగి కూర్చుంటారు. ఉన్న గింజలతో ఇప్పుడే నాట్లు వేసేయాలా, చెరువులో దాచి తర్వాత ఒక్కొక్కటిగా వాడాలా, ఏ ముక్క రెండు వంతులు ఆగగలదు అని ఆలోచిస్తారు. అదే అబ్బాయి పోయిన నెల మూసివేతలో చెరువు నీటితో కొబ్బరి తోట నిలబెట్టుకుని నన్ను ఓడించాడు.

అయితే ఎదుటివారి కార్డును రద్దు చేసే కార్డులన్నీ చెడ్డవేనా?

ఈ ప్రశ్న పోకెమాన్ నుంచి మ్యాజిక్‌కు వచ్చినవాళ్ళు ఎక్కువగా అడుగుతారు. మ్యాజిక్‌లో కౌంటర్‌స్పెల్ అనే కార్డు రెండు నీలి మనాలకు మీ మంత్రాన్ని గాలిలోనే తుంచేస్తుంది. కష్టపడి కూడబెట్టి వేసిన కార్డు అలా పోతే ఉసూరుమంటుంది, కాదనను.

అయినా దాన్ని నేను సమర్థిస్తాను. ఎదుటివాళ్ళు రెండు నీలి నేలలను వాడకుండా నిలువుగా ఉంచి వంతు ముగించారంటే మీకు సూచన అందినట్టే. మీరు చిన్న ముక్కను గాలానికి ఎరగా వేయవచ్చు. వాళ్ళు దాన్ని తుంచడానికి మనా ఖర్చు చేస్తే వెనక పెద్దది దింపవచ్చు. లేదా ఆగవచ్చు. ఆగితే వాళ్ళ రెండు నేలలు ఆ వంతుకు వృథా. అక్కడ ఎంత తెలివి దాగి ఉందో చూడండి. స్టేసిస్ దగ్గర అలాంటి ఎదురుచూపు లేదు, ఎర లేదు.

రద్దు కార్డులు చౌకగా, ఎక్కువగా ఉన్నప్పుడు మాత్రం ఇదంతా తలకిందులవుతుంది. ఎర వేసినా తుంచి, చేప వేసినా తుంచే స్తోమత ఉంటే ఎర వేయడంలో అర్థం లేదు. అందుకే మా ఆటలో "తూము అడ్డం" అనే రద్దు కార్డును డెక్కుకు రెండే పెట్టుకోనిస్తున్నాం.

చాలా బలమైన కార్డు అంటే సరదా చంపే కార్డేనా?

రెండూ వేరు, ఒక్కోసారి కలిసి వస్తాయి. మ్యాజిక్‌లో బ్లాక్ లోటస్ అనే కార్డు ఖర్చు లేకుండా దిగి మూడు మనాలు ఇస్తుంది. దాని బలం అంతా ఇంతా కాదు, కానీ మీరు ఏమి చేయాలో అది శాసించదు. అదే ఆటలో 2019 అక్టోబరులో వచ్చిన ఓకో అనే కార్డు దగ్గర బలమూ ఉంది, దోపిడీ కూడా ఉంది. మూడు మనాలకు దిగి, బల్ల మీదున్న ఏ జీవినైనా శక్తులు ఊడబెరికి 3/3 (దాడి బలం మూడు, ప్రాణం మూడు) దుప్పిగా మార్చేస్తుంది. అదీ వంతు వంతుకూ. అంటే మీ డెక్కులో ఏమి పెట్టుకున్నా ఫలితం దుప్పే. పౌరాణిక సర్పం తెచ్చినా దుప్పి, దేవదూతను తెచ్చినా దుప్పి. డెక్కు కట్టుకోవడంలో మనం పెట్టిన మనసునంతా అది చెరిపేస్తుంది. రెండు నెలలు తిరగకుండానే, నవంబరులో, స్టాండర్డ్ అనే, ఇటీవలి కార్డులతోనే ఆడే పోటీల నుంచి తీసేశారు.

అన్నేళ్ళ అనుభవం ఉన్న సంస్థలకు ఇవి ముందే కనిపించవా?

చాలా వరకు కనిపిస్తాయి. జారిపోయేవి ఎక్కువగా చివరి నిమిషంలో మార్చినవి.

మ్యాజిక్‌లో 2004లో వచ్చిన స్కల్‌క్లాంప్ అనే కార్డు చూడండి. అది తగిలించుకున్న జీవికి దాడి బలం ఒకటి పెరుగుతుంది, ప్రాణం ఒకటి తగ్గుతుంది. ఆ జీవి చచ్చిపోతే రెండు ముక్కలు తీసుకోవచ్చు. ప్రాణం తగ్గించడం కార్డును బలహీనపరుస్తుందని ఎవరికైనా అనిపిస్తుంది. కానీ ఒకే ప్రాణమున్న జీవికి తగిలిస్తే అది అక్కడికక్కడే చస్తుంది, ఒక్క మనాకు రెండు ముక్కలు చేతికి వస్తాయి. శిక్ష అనుకున్నదే వరమైంది. ఆ జూన్‌లోనే నిషేధించారు.

ఇరవై ఏళ్ళ తర్వాత, 2024లో, నాడు అనే పక్షి కార్డుతో అదే కథ. అచ్చుకు వెళ్ళేముందు దాని మాటలు మార్చారని, మార్చాక ఆడి చూడలేదని దాన్ని రూపొందించిన వ్యక్తే బహిరంగంగా వివరించారు. జూన్‌లో వచ్చింది, ఆగస్టులో మోడర్న్ అనే, కొంత పాత కార్డులనూ రానిచ్చే పోటీల నుంచి పోయింది. తప్పు ఒప్పుకుని ఎలా జరిగిందో అందరికీ చెప్పినందుకు ఆయన మీద నాకు గౌరవం కలిగింది. మేము దాని నుంచి ఒక నియమం పెట్టుకున్నాం: కార్డు మీద ఒక్క మాట మారినా అది కొత్త కార్డే, మళ్ళీ మొదటి నుంచి ఆడాలి.

కార్డు బలహీనమే, కానీ ఆట సాగుతూనే ఉంటుంది. అదీ తప్పేనా?

తప్పే. ఎదుటివారి సమయం కూడా వారి వంతు లాంటిదే. మ్యాజిక్‌లో సెకండ్ సన్‌రైజ్ అనే కార్డు చుట్టూ కట్టిన డెక్కుతో ఒకే వంతు నిమిషాల తరబడి సాగేది, పోటీలో మిగతా బల్లలన్నీ దానికోసం ఆగాల్సి వచ్చేది. 2013లో మోడర్న్‌లో దాన్ని నిషేధించినప్పుడు ప్రధానంగా చెప్పిన కారణం ఆ సమయమే. పోకెమాన్‌లో 2015లో నిషేధించిన లైసాండర్స్ ట్రంప్ కార్డ్ కూడా ఈ జాతిదే. ఇద్దరి పారేసిన ముక్కలనూ తిరిగి డెక్కుల్లో కలిపేస్తుంది. ముక్కలు అయిపోవడం అన్నది ఉండదు, ఆటకు తీరం కనిపించదు.

2022లో వచ్చిన మార్వెల్ స్నాప్ అనే ఆట దీనికి చక్కటి విరుగుడు కనిపెట్టింది. డెక్కుకు 12 ముక్కలే, ఆటకు ఆరు వంతులే, ఇద్దరూ ఒకేసారి ముక్కలు ఎంచుకుని ఒకేసారి తెరుస్తారు. ఎదుటివాళ్ళు ఆడుతుంటే చూస్తూ కూర్చోవడం దాదాపు లేదు.

అదృష్టం మీద నడిచే కార్డుల సంగతి?

కొంచెం ఉండాలి. ముక్కలు కలపడమే అదృష్టం కదా. మ్యాజిక్‌లో నేలలు పడక చేతులు కట్టుకుని కూర్చోవడం పాత జబ్బు. హార్త్‌స్టోన్‌లో మనా దానంతట అదే వంతుకు ఒకటి చొప్పున పది దాకా పెరుగుతుంది కాబట్టి ఆ జబ్బు లేదు. అదే హార్త్‌స్టోన్‌లో యాగ్-సారన్ అనే కార్డు, మీరు ఆటలో ఎన్ని మంత్రాలు వేశారో అన్ని మంత్రాలను ఇష్టమొచ్చినట్టు విసిరేది. చూడటానికి జాతర. అరగంట జాగ్రత్తగా ఆడినవాళ్ళకు గుండెకోత. 2016లో దాని బలం తగ్గించారు.

చిన్నప్పటి ట్రంప్ కార్డుల్లో కూడా ఇలా ఉండేదా?

అవే మనకు మొదటి పాఠం. క్రికెట్ ట్రంప్ కార్డుల్లో సచిన్ ముక్క చేతికొచ్చినవాడు "పరుగులు" అనేవాడు, ఎదుటి ముక్క వాడిదైపోయేది. గెలిచినవాడే మళ్ళీ అంశం ఎంచుకుంటాడు, మళ్ళీ గెలుస్తాడు. ఓడుతున్నవాడి పని తన ముక్కలను ఒక్కొక్కటిగా అందించడం. ఓడినవాడు తర్వాతి అంశం ఎంచుకోవాలని ఒక్క నియమం మార్చి ఇంట్లో పిల్లలతో ఆడి చూడండి. ముక్కలు అవే, ఆట వేరు.

డబ్బున్నవాళ్ళ డెక్కు ముందు మేము ఎలా నిలబడాలి?

మా మేడ మీద ఈ బాధ లేకుండా ముక్కలన్నీ ఒక పెట్టెలో ఉంచుతాం, ఎవరైనా అందులోంచి డెక్కు కట్టుకోవచ్చు. ఈ జబ్బు మూలం మాత్రం తెలుసుకోదగ్గది. మామూలు బోర్డు ఆటకు ఖర్చు పెట్టినంతే జనం మ్యాజిక్ మీద పెడతారని గార్ఫీల్డ్ అనుకున్నారు. అలాగైతే బలమైన అరుదైన ముక్క స్నేహితుల గుంపులో ఒకరిద్దరి దగ్గరే ఉంటుంది, దాని గురించి కథలు చెప్పుకుంటారు. కానీ జనం పెట్టెలకు పెట్టెలు కొన్నారు. అరుదైనది అరుదుగా ఉండలేదు, ఉన్నవాళ్ళ దగ్గర నాలుగేసి చొప్పున చేరింది.

కొందరికి స్టేసిస్ లాగా ఎదుటివాళ్ళ చేతులు కట్టేసే ఆ కట్టడి కార్డులంటేనే ఇష్టం. వాళ్ళ సరదా సరదా కాదా?

సరదానే. మ్యాజిక్ ప్రధాన రూపకర్త మార్క్ రోజ్‌వాటర్ ఆటగాళ్ళను ముగ్గురిగా చెబుతారు: పెద్ద అనుభూతి కోరే టిమ్మీ, తన తెలివి చూపాలనుకునే జానీ, గెలుపు కోరే స్పైక్. స్టేసిస్ డెక్కు కట్టేవారిలో జానీలు ఎక్కువ. నీళ్ళు లేని చోట తాను మాత్రం ఎలా బతకాలో కనిపెట్టడం నిజంగా కష్టమైన లెక్క, ఆ లెక్క చేసినవారిని నేను తక్కువ చేయను. మా దగ్గర ఇద్దరు మిత్రులు ప్రతి నెలా కావాలనే కట్టడి డెక్కులతో తలపడతారు, వాళ్ళను చూడటానికి కుర్చీలు లాక్కుని మరీ కూర్చుంటాం. ఇద్దరూ ఒప్పుకుని కూర్చున్నారు కాబట్టి ఎవరి వంతూ దోపిడీ కాలేదు. కొత్తగా వచ్చిన పిల్లవాడి ముందు అదే డెక్కు తీస్తే మాత్రం నేను అడ్డుపడతాను, పడ్డాను కూడా.

కొత్త కార్డు తెచ్చే ముందు ఏమి చూసుకోవాలి?

పెన్సిల్‌తో రాయండి, చెరపాల్సి వస్తుంది. మీ కార్డును మీ మీదే వేయించుకోండి. మీరు ఎదుటి కుర్చీలో ఉన్నప్పుడు చేతిలో చేయదగ్గ పనులు కనీసం రెండు ఉండాలి. లేకపోతే కార్డు తిప్పి రాయండి. తర్వాత మీకంటే చిన్నవాళ్ళకు ఇచ్చి పైకి చదవమనండి. ఎక్కడ తడబడితే అక్కడ మాట మార్చండి. ఆడేటప్పుడు బల్ల మీది ముక్కలను కాకుండా ఎదుటివాళ్ళ చేతులను గమనించండి. ముక్కలను బోర్లించారంటే మీకు జవాబు వచ్చేసినట్టే.

మీ ఆటలో ఇంకా తేలని కార్డు ఏది?

"వరద". బల్ల మీద లంక చేలలో ఉన్నవాటిని ఇద్దరివీ తుడిచేస్తుంది. మొదటిసారి రాసినప్పుడు దింపగానే ముంచేసేది. ఓడుతున్నవాళ్ళకు పండుగ, గెలుస్తున్నవాళ్ళకు గంటసేపు కట్టుకున్నది ఒక్క ముక్కతో గోదావరి పాలు. కాలువ మూసివేత నేర్పింది గుర్తుంది కాబట్టి ఈసారి ధవళేశ్వరం వైపు చూశాం. బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. కార్డు మీద ఆ మూడు గీతలూ గీశాం. వంతుకో గీత చొప్పున ఒక గవ్వను పైకి జరుపుతాం, మూడో గీత దాటాకే నీరు ఎక్కుతుంది. ఈలోగా ఇద్దరూ తమ ముక్కలు కొన్నిటిని ఏటిగట్టు మీదికి చేర్చుకోవచ్చు.

ఎన్ని చేర్చుకోనివ్వాలన్నదే తేలడం లేదు. మూడు చేర్చుకోనిస్తే వరదంటే ఎవరికీ భయం లేదు. ఒకటే అయితే ఏది వదిలేయాలో తెలిసిపోయి, ఇద్దరూ ఆలోచించకుండా పెద్ద ముక్కనే ఎత్తుతున్నారు. రెండుతో ఇప్పటికి పదకొండు ఆటలు ఆడాం. పోయిన వారం ఒకావిడ రెండో హెచ్చరిక మీద పశువులను, నారుమడిని గట్టెక్కించి, పంటును మాత్రం నీటికే వదిలేసింది. పంటు వరదలో తేలాలి కదా అని ఎవరో అన్నారు. ఆ మాట నిజమే, కార్డు మీద లేదు. ఈ ఆదివారం ఆ వాక్యం చేర్చి మళ్ళీ మొదటి నుంచి ఆడతాం.